జట్టు యజమాని నోరు జారితే లీగ్ ఏం చేయగలదు?

ప్రశ్న: అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఒక యజమాని ఆంతరంగికంగా అన్న మాటలకు జట్టునే పోగొట్టుకున్నాడని చదివాను. సొంత ఆస్తిని అమ్ముకోమని లీగ్ ఎలా శాసిస్తుంది? అక్కడ వాక్‌స్వాతంత్ర్యం లేదా?

జవాబు: మీరు చదివినది లాస్ ఏంజెలెస్ క్లిప్పర్స్ యజమాని డొనాల్డ్ స్టెర్లింగ్ ఉదంతం. నల్లజాతి వారిని తన జట్టు మ్యాచ్‌లకు వెంటబెట్టుకు రావద్దని ఆయన స్నేహితురాలితో అంటున్న రికార్డింగ్ 2014 ఏప్రిల్ 25న బయటపడింది. నాలుగు రోజులు తిరిగేసరికి లీగ్ అధిపతి అయిన కమిషనర్ ఆడమ్ సిల్వర్ ఆయనపై జీవితకాల నిషేధం విధించి, నిబంధనావళి అనుమతించే గరిష్ఠ జరిమానా 25 లక్షల డాలర్లు వేసి, జట్టును అమ్మించే చర్యకు మద్దతివ్వాలని మిగతా యజమానులను కోరారు.

అమెరికా రాజ్యాంగపు మొదటి సవరణ పౌరుడి మాటను ప్రభుత్వం నుంచి కాపాడుతుందే తప్ప, అతను తనంతట తానుగా చేరిన ప్రైవేటు సంఘం నుంచి కాదు. జట్టు కూడా ఇల్లూ పొలమూ వంటి ఆస్తి కాదు. లీగ్ నిబంధనలకు లోబడి ఉంటానని సంతకం చేసిన వాడికి దక్కే సభ్యత్వం అది. ఆ నిబంధనల ప్రకారం యజమానులలో నాలుగింట మూడు వంతుల మంది ఓటు వేస్తే తోటి సభ్యుణ్ణి సాగనంపవచ్చు. అయితే స్టెర్లింగ్ విషయంలో ఆ ఓటింగు జరగనే లేదు. కుటుంబ ట్రస్టు తరఫున ఆయన భార్య షెల్లీ జట్టును మైక్రోసాఫ్ట్ మాజీ అధిపతి స్టీవ్ బామర్‌కు 200 కోట్ల డాలర్లకు అమ్మేందుకు ఒప్పందం చేసుకున్నారు. ఆస్తి వ్యవహారాలు చూసుకునే మానసిక స్థితి స్టెర్లింగ్‌కు లేదని వైద్యులు చెప్పడంతో ఆమెకు ఆ అధికారం వచ్చింది. స్టెర్లింగ్ కోర్టుకెక్కి ఓడిపోయారు, ఆగస్టులో అమ్మకం పూర్తయింది. 1981లో ఆయన ఆ జట్టును కొన్నది కోటీ పాతిక లక్షల డాలర్లకు. దీన్ని శిక్ష అనాలో, లాభసాటి బేరం అనాలో పాఠకులే చెప్పాలి.

ఆ నాలుగు రోజుల వేగాన్ని కేవలం నీతిదీక్షగా చూడలేము. 2009లో ఇదే స్టెర్లింగ్, తన అపార్ట్‌మెంట్లను అద్దెకిచ్చేటప్పుడు నల్లజాతి వారిపట్ల, హిస్పానిక్‌ల (లాటిన్ అమెరికా మూలాలున్న వారి) పట్ల వివక్ష చూపారన్న ప్రభుత్వ దావాను, తప్పు ఒప్పుకోకుండానే, 27 లక్షల డాలర్లకు పైగా చెల్లించి పరిష్కరించుకున్నారు. మనుషులకు నీడ దొరకకుండా చేశారన్న ఆ ఆరోపణ, నా దృష్టిలో, ఆంతరంగికంగా దొర్లిన మాటలకన్నా ఎంతో బరువైనది. అయినా అప్పుడు లీగ్ కదలలేదు. 2014లో మాత్రం ప్లేఆఫ్‌ల (సీజన్ చివరి నాకౌట్ పోటీల) నడుమ క్లిప్పర్స్ ఆటగాళ్లు వార్మప్ చొక్కాలను కోర్టు మధ్యలో వదిలేసి, జట్టు పేరు కనబడకుండా లోపలి చొక్కాలను తిరగేసి తొడుక్కున్నారు. స్పాన్సర్లు ఒకరి వెంట ఒకరు తప్పుకున్నారు. కమిషనర్ యజమానులు నియమించుకున్న ఉద్యోగి అన్నది మరచిపోకూడదు. మిగతా యజమానుల ఆదాయానికీ ముప్పు కనిపించినప్పుడే ఆయన చేతికి అంత బలం వస్తుంది.

ప్రశ్న: మరి అందరికీ ఇదే శిక్ష పడుతుందా?

జవాబు: లేదు. బేస్‌బాల్‌లో సిన్సినాటి రెడ్స్ యజమానురాలు మార్జ్ షాట్ జాతిద్వేషపు మాటలకు 1993లో పడినది ఏడాది సస్పెన్షన్, 25 వేల డాలర్ల జరిమానా. అదీ గడువు నిండకముందే, నవంబరులోనే ఎత్తేశారు. ఆమె ఆ తరువాత హిట్లర్‌ను మెచ్చుకునే ధోరణిలో మాట్లాడి, 1996లో జట్టు రోజువారీ నిర్వహణను వదులుకోవలసి వచ్చింది.

మళ్లీ ఎన్‌బీఏకే వస్తే, ఫీనిక్స్ సన్స్ జట్టు యజమాని రాబర్ట్ సార్వర్ ఉదంతం ఇంకా చిక్కైనది. ఇతరుల మాటలను ఉటంకిస్తూ ఆయన నల్లజాతి వారిని కించపరిచే పదాన్ని కనీసం ఐదుసార్లు పలికారనీ, మహిళా ఉద్యోగులతో అనుచితంగా ప్రవర్తించారనీ విచారణలో తేలింది. కానీ వాటి వెనుక జాతిద్వేషం ఉందని విచారణకర్తలు నిర్ధారించలేదు. ఆ తేడాను పట్టుకునే లీగ్ 2022 సెప్టెంబరు 13న ఏడాది సస్పెన్షన్‌తో, కోటి డాలర్ల జరిమానాతో సరిపెట్టింది. లెబ్రాన్ జేమ్స్, క్రిస్ పాల్ వంటి ఆటగాళ్లు అది చాలదని బహిరంగంగా అన్నారు. సన్స్ జెర్సీపై తన గుర్తు ఉన్న ఆన్‌లైన్ చెల్లింపుల సంస్థ పేపాల్, సార్వర్ కొనసాగితే ఒప్పందాన్ని పొడిగించబోమని ప్రకటించింది. శిక్ష పడిన ఎనిమిదో రోజున, లీగ్ ఆదేశమేదీ లేకుండానే, ఆయన జట్టును అమ్మకానికి పెట్టారు. 2004లో ఆయన బృందం సుమారు 40 కోట్ల డాలర్లకు కొన్న ఆ జట్టుకు అమ్మకంలో కట్టిన విలువ 400 కోట్లు.