వెతికిన గడికి సున్నా పెట్టకండి

పడవ కోసం వెతికే ప్రాంతాన్ని మూడు గడులుగా విడదీసి, ఒక్కో గడిలో పడవ ఉండే అవకాశాన్ని శాతాల్లో వేశారు, ఇప్పుడు మొత్తం 100 రావట్లేదని అడిగారు. మొదటి గడిలో పడవ దొరకలేదని దానికి సున్నా పెట్టారు, మొదటి తప్పు అదే. పడవ అక్కడే ఉండి కంటపడకపోయి ఉండొచ్చు.

1. మీ గడులు 50, 30, 20 శాతం. పడవ గడిలో ఉంటే కనిపెట్టే అవకాశం 80 శాతం అన్నారు. అంటే ఉన్నా కంటపడకపోయే అవకాశం 20 శాతం, కాబట్టి మొదటిది 50 × 0.2 = 10.

2. చాలామంది వదిలేసే మెట్టు ఇది: ఇప్పుడు మొత్తం 60. మూడింటినీ 60తో భాగించి 100తో గుణించండి: 16.7, 50, 33.3. వెతకని గడులు కూడా పెరిగాయి, చూడండి.

3. ఇక రెండో గడికి వెళ్లండి. అక్కడా దొరక్కపోతే ఇదే లెక్క మళ్లీ.

ఆ 80 శాతాన్ని మాత్రం దయచేసి గట్టిగా అనుమానించండి. 2009లో అట్లాంటిక్‌లో కూలిన ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానం విషయంలో, బ్లాక్ బాక్స్ బీకన్లు (నీటి అడుగు నుంచి శబ్ద సంకేతాలిచ్చే పరికరాలు) మోగకపోయి ఉండొచ్చని లెక్క మార్చాక, ముందే గాలించిన ప్రాంతంలోనే 2011 ఏప్రిల్‌లో శిథిలాలు దొరికాయి.