పక్కింటిని మెస్‌గా మారుస్తున్నారా? ముందు సెప్టిక్ ట్యాంకు సంగతి అడగండి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఒడిశా బరంపురంలో మెడికల్ కాలేజీ దగ్గర ఇల్లు. పక్కింటాయన విశాఖలో స్థిరపడి, ఇక్కడి డాబాని పది గదులుగా విడగొట్టి కుర్రాళ్లకి అద్దెకివ్వబోతున్నాడు. మీ ఇంట్లో పెద్దావిడ అత్తగారు, ప్లస్ టూ చదివే అమ్మాయి. ఇల్లు అమ్మేసి పోవాలా అని అడిగారు. ఇప్పుడే అమ్మకండి. ఇదే ఊళ్లో 2011లో మా పక్కిల్లు కూడా ఇలాగే మెస్ అయింది. మేమింకా ఇక్కడే ఉన్నాం. (బయటి ఊళ్ల వాళ్ల కోసం చెప్తున్నాను: మా వైపు మెస్ అంటే భోజనం హోటలు కాదు, చదువుకునే పిల్లలు కలిసి అద్దెకుండే ఇల్లు.)

కబురు తెలిసిన రోజు మా వీధిలో అందరి నోటా ఒకటే మాట: "ఎవరొస్తారో ఏమో." ఏ ఊరి వాళ్లో, ఏ కులం వాళ్లో, తాగుతారో, ఆడపిల్లల వంక చూస్తారో. నేనూ అన్నాను. మా ఆయన దగ్గర ఏడ్చాను కూడా. తీరా చూస్తే మొదటి మూడేళ్లలో మేం పడ్డ ఇబ్బందుల్లో కుర్రాళ్ల వల్ల వచ్చింది ఒక్కటే, రాత్రిపూట పాటలు. మిగతావన్నీ ఆ ఇంటిని మార్చిన తీరు వల్ల, అడిగితే పలికే మనిషి ఊళ్లో లేకపోవడం వల్ల వచ్చినవి.

అన్నిటికన్నా పెద్దది సెప్టిక్ ట్యాంకు. ఐదుగురున్న సంసారానికి కట్టిన ట్యాంకు అది. దాని మీద ఇరవై రెండు మందిని పెట్టాడు. మరుసటి ఏడు శ్రావణంలో ఒక తెల్లవారుజామున తులసికోట ముందు ముగ్గు వేద్దామని పెరట్లోకి వెళ్లాను. ప్రహరీ గోడ అడుగున రాళ్ల సందులోంచి నల్లగా నీళ్లు ఊరుతున్నాయి. వాన నీరేమో అనుకుని దాటబోతే కాలు జారింది, చేతిలో పిండి గిన్నె పడిపోయింది. అప్పుడు తెలిసింది వాసన. అక్కడికి మా బావి పన్నెండు అడుగులు కూడా ఉండదు. ఆ రోజు మానేశాం ఆ బావి నీళ్లు తాగడం, ఇప్పటికీ వాడకానికే తప్ప తాగడానికి తోడం. ఓనరుకి తొమ్మిది రోజులు ఫోన్ చేశాం, ఎత్తలేదు. చివరికి వీధిలో వాళ్లమే చందాలు వేసుకుని ట్యాంకు లాగే బండిని పిలిపించాం.

రెండోది నీళ్లు. బరంపురం నీళ్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఆ ఇంటికి సంపు లేక, కుళాయి వచ్చే ఆ కాసేపట్లో వాళ్లు పైపుకి నేరుగా మోటారు పెట్టి లాగేవారు. మా కుళాయికి దారంలా వచ్చేది.

ఆ ఓనరు దొరికింది ఎప్పుడంటే, తర్వాతి చైత్రంలో మా ఊరి అమ్మవారు బుడి ఠకురాణి జాతరకి. రెండేళ్లకోసారి వచ్చే జాతర, ఎక్కడున్నా మన వాళ్లు వస్తారు కదా. అమ్మవారు దేశీ బెహెరా వీధిలో పుట్టింట్లో ఉన్న రోజుల్లోనే ఐదిళ్ల వాళ్లం కలిసి వెళ్లాం. కేకలు వేయాలని నేను అనుకున్నాను. మా అత్తగారు మాత్రం ఆయన్ని పేరు పెట్టి పిలిచి, "బాబూ, మీ అమ్మ నలభై ఏళ్లు మా బావిలో నీళ్లు తోడుకుంది, ఒకసారి వచ్చి చూడు" అంది. వచ్చి చూశాడు. వీధి వైపు కొత్త ట్యాంకు, కుళాయి నీళ్లు పట్టుకోవడానికి సంపు, మా పెరటి వైపు మేడ మీద నిలువెత్తు పిట్టగోడ, ఇవన్నీ చేయిస్తానన్నాడు. నాలుగు నెలల్లో చేయించాడు. ముందే అడిగి ఉంటే ఆయన ఖర్చు తగ్గేది, మా బావీ దక్కేది. అది నాకు ఇప్పటికీ బాధే.

మాటతో పని కాకపోతే కాగితం దారి ఉంది. నివాసానికని ప్లాను తీసుకున్న ఇంటిని హాస్టలులా వాడాలంటే మళ్లీ అనుమతి కావాలి. ఆ ప్లానులో ఏముందో సమాచార హక్కు కింద అడగొచ్చు. ఒడిశాలో ఫారం-ఎ నింపి పది రూపాయల కోర్టు ఫీ స్టాంపు అంటించాలి, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. మురుగు బయటికొస్తే ఫొటోలు తీసి, తేదీ వేసి, కార్పొరేషన్ ఆరోగ్య విభాగానికి రాసిచ్చి రసీదు తీసుకోండి. సోమవారం కలెక్టరు గ్రీవెన్స్‌లో కూడా ఇవ్వొచ్చు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నివాస ప్రాంతంలో శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి నిబంధన. మరీ మితిమీరితే 112. కానీ పాటల కోసం మొదటిరోజే పోలీసుల్ని పిలవకండి.

మేం పిలవలేదు. మా ఆయన వెళ్లి, "మా అమ్మ పదింటికి పడుకుంటుంది బాబూ" అన్నారంతే. వాళ్లలో గజపతి జిల్లా నుంచి వచ్చిన సవర తెగ కుర్రాడు ఒకడుండేవాడు, పర్లాకిమిడి వైపు వాడు కాబట్టి తెలుగు మనలాగే మాట్లాడేవాడు. ఆ తర్వాత రోజూ తెల్లవారుజామున గోడ అవతలి నుంచి, "అమ్మా, మోటారు ఆపేశాను, మీరు పట్టుకోండి" అని కేక వేసేవాడు. ఏ కులం వాళ్లొస్తారో అని నేనన్న మాట గుర్తొచ్చి సిగ్గేసేది.

2013 అక్టోబర్ 12 రాత్రి, ఫైలిన్ తుఫాను. దసరా సెలవులకి మెస్సులో చాలామంది ఊళ్లకి వెళ్లిపోయారు, నలుగురే మిగిలారు. మా వంటింటి రేకులు లేచిపోయాయి, వేపచెట్టు గుమ్మానికి అడ్డంగా పడింది. తెల్లారగానే ఆ నలుగురూ గోడ దూకి వచ్చి, కొడవళ్లతో కొమ్మలు నరికి అత్తగారిని బయటికి తెచ్చారు. కరెంటు లేదు, కుళాయి లేదు. అవి వచ్చేదాకా వీధి చివర ట్యాంకరు నుంచి మాకు తాగే నీళ్లు మోసింది వాళ్లే.

మీ అమ్మాయి సంగతి. భయపడటం తప్పని అనను, నాకూ ఆడపిల్లే. తన చదువు గది అటువైపు ఉంటే ఇటువైపుకి మార్చండి. పక్కింటి బాత్రూం వెంటిలేటర్లకి మసక అద్దాలు, మెట్లకి మీ వైపు అడ్డుగోడ ఇప్పుడే అడగండి. అద్దెకొచ్చే వాళ్ల వివరాలు ఠాణాలో ఇవ్వాలని, ఊళ్లోనే ఉండే ఒక మనిషి ఫోన్ నంబరు మీకివ్వాలని చెప్పండి. ఆ రెండోది మాత్రం వదలొద్దు.

బాత్రూం గొట్టాలు ఇంకా వేయలేదన్నారు. అది మీ అదృష్టం. ఆయన ఆదివారం పని చూసుకోవడానికి వస్తున్నాడని రాశారు కదా, అవతలి రెండిళ్ల వాళ్లని కూడా తీసుకుని ఆ ఆదివారమే వెళ్లండి. అత్తగారు నడవగలిగితే ఆవిడని ముందు పెట్టుకుని వెళ్లండి. తాపీమేస్త్రి అక్కడే ఉంటాడు, ట్యాంకు ఎక్కడ తవ్వబోతున్నాడో, మీ బావికి ఎంత దూరమో అతని టేపుతోనే కొలిపించండి.