డీజిల్ పొగ మీద ప్రాజెక్టు చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. లారీల మెకానిక్ షెడ్డు నడుపుతున్నాను. మా వాడు మెకానికల్ మూడో సంవత్సరం. డీజిల్‌లో ఆక్సిజన్ ఉన్న ద్రవాలు కలిపి పొగ తగ్గించే ప్రాజెక్టు చేస్తాడట, తర్వాత ఎంటెక్ అంటున్నాడు. ఎలక్ట్రిక్ బళ్లు వస్తుంటే ఇదేం చదువని అందరూ అంటున్నారు. సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్పించమంటారా?

జవాబు: వాళ్లన్న దాంట్లో సగం నిజముందండీ, డీజిల్ కార్లు తగ్గుతున్నాయి. కానీ మీ షెడ్డుకొచ్చే లారీలు, బోర్లు వేసే రిగ్గులు, ట్రాక్టర్లు అంత తొందరగా బ్యాటరీకి మారవు.

నాజిల్ సరిగా కొట్టకపోతే నల్లపొగ ఎందుకొస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. స్ప్రే మధ్యలో డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ. అక్కడే మసి కడుతుంది. బ్యుటనాల్, డైమిథైల్ కార్బొనేట్ లాంటి వాటిలో అణువులోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి గాలి అందని చోట కూడా మసి తగ్గుతుంది. డైమిథైల్ కార్బొనేట్ బరువులో సగానికి పైగా ఆక్సిజనే. అయితే ఆ మేరకు ఇంధనంలో శక్తి తగ్గుతుంది. డీజిల్ కిలోకు దాదాపు 43 మెగాజౌళ్ల శక్తి ఇస్తే, ఇలాగే ఆక్సిజన్ ఉండే ఇథనాల్ 27 ఇస్తుంది. పైగా పొగ తగ్గినా నైట్రోజన్ ఆక్సైడ్లనే హానికర వాయువులు పెరగొచ్చు. చాలా కాలేజీ రిపోర్టులు పొగ గ్రాఫు ఒక్కటి గీసి చేతులు దులుపుకుంటాయి. మీవాడు రెండూ కొలవాలి, సిలిండర్ ప్రెజర్‌తో సహా. ఇంటర్వ్యూలో అడిగేది అక్కడే.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పండి. తేలిగ్గా అంటుకుంటుందని ఇలాంటి ప్రాజెక్టుల్లో డైఇథైల్ ఈథర్ కూడా వాడుతుంటారు. అది 34.6 డిగ్రీలకే మరుగుతుంది. మన కడప ఎండలకు ఇక చెప్పాలా? దాని ఆవిరి గాలికంటే బరువు, నేలమీద పాకి దూరంగా ఉన్న నిప్పునైనా అందుకుంటుంది. మీ షెడ్డులో వెల్డింగ్ జరుగుతుంటుంది, ఆ సీసా గుమ్మం దాటి లోపలికి రాకూడదు. బ్యుటనాల్ అయితే 117 డిగ్రీల దాకా మరగదు, డీజిల్‌లో బాగా కలుస్తుంది. ఇథనాల్‌లా నీటి తడి తగలగానే విడిపోయే బెడద తక్కువ.

ఉద్యోగాల సంగతి. ఇంధన అడిటివ్‌ల (ఇంధనంలో కలిపే ద్రవాల) పేరుతో మన జిల్లాలో ఉద్యోగం దొరకదు. పుణెలో వాహనాలను పరీక్షించే సంస్థ ఏఆర్ఏఐ, డెహ్రాడూన్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పెట్రోలియం, ఫరీదాబాద్‌లోని ఇండియన్ ఆయిల్ పరిశోధన కేంద్రం, ఇంజిన్ కంపెనీల టెస్టింగ్ విభాగాలు, వీటివైపు చూడాలి. 2020 ఏప్రిల్‌లో బళ్ల పొగ మీద బీఎస్-6 నిబంధనలు వచ్చాక ఇంజిన్ క్యాలిబ్రేషన్ (ఇంజిన్ సెట్టింగులు సరిచేయడం), ఎగ్జాస్ట్ శుద్ధి తెలిసినవాళ్ల అవసరం పెరిగింది. దగ్గర్లో చూడాలంటే అనంతపురం జేఎన్‌టీయూలో నూనెల మీద పనిచేసే పరిశోధన సంస్థ ఓటీపీఆర్ఐ ఉంది. ఒకసారి వెళ్లి అక్కడి వాళ్లతో మాట్లాడి రమ్మనండి.

ఎంటెక్ చేస్తే మాత్రం గేట్ (జాతీయ స్థాయి పరీక్ష) స్కోరుతోనే చేయాలి. మంచి సంస్థలో సీటు వస్తే నెలకు 12,400 స్టైపెండ్ ఉంటుంది. గేట్ లేకుండా ఫీజు కట్టి చదివే ఎంటెక్‌కైతే నేను వద్దంటాను.

సాఫ్ట్‌వేర్ కోర్సుకి ఇప్పుడే డబ్బు పోయకండి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష సొంతంగా నేర్చుకుంటే చాలు, ఇంజిన్ డేటా చూడటానికి అదీ పనికొస్తుంది. ఈ సెలవుల్లో మీ దగ్గర కూర్చోబెట్టి నాలుగు ఇంజెక్టర్లు విప్పించండి. గేట్ దరఖాస్తులు సాధారణంగా ఆగస్టు, సెప్టెంబరుల్లో మొదలవుతాయి. మూడో సంవత్సరం వాళ్లు కూడా రాయొచ్చు.