సొరచేపలో పాదరసం ఎక్కడి నుంచి వస్తుంది?

సముద్రపు నీటిలో పాదరసం అతి తక్కువగా ఉంటే సొరచేపలో అంత ఎందుకు, చర్మం తీసి వండితే పోతుందా, గర్భిణి అయిన మీ చెల్లెలు చేపలు మానేయాలా అని అడిగారు.

వండితే పోదండీ. చేపలో ఉండేది ఎక్కువగా మిథైల్ మెర్క్యురీ, అంటే పాదరసం కార్బన్‌తో కలిసిన ఒక విష రూపం. అది కండలోని ప్రోటీన్లకు అతుక్కుని ఉంటుంది, కడిగినా వేయించినా అక్కడే ఉంటుంది. చర్మం, కొవ్వు తీసేస్తే తగ్గేవి పీసీబీలు (పాత విద్యుత్ పరికరాల్లో వాడిన రసాయనాలు), డీడీటీ (పురుగుమందు) లాంటివి. అవి కొవ్వులో చేరతాయి.

పాదరసంలో అసలు పెద్ద పెరుగుదల పెద్ద చేపలో కాదు, ఆహార జాలం (ఏ జీవి దేన్ని తింటుందనే అల్లిక) అట్టడుగున జరుగుతుంది. ఆక్సిజన్ తక్కువున్న చోట కొన్ని రకాల బ్యాక్టీరియా పాదరసాన్ని మిథైల్ మెర్క్యురీగా మారుస్తాయి. వృక్షప్లవకాలు, అంటే నీటిలో తేలే కంటికి కనబడని మొక్కల్లాంటి జీవులు, దాన్ని పీల్చుకుంటాయి. నీటిలో కన్నా వాటిలో అది వేల రెట్లు ఎక్కువ! వాటిని జంతుప్లవకాలు (నీటిలో తేలే చిన్న జంతువులు), వాటిని చిన్న చేపలు, వాటిని పెద్దవి తింటాయి. తిన్న ఆహారంలో చాలా భాగం శక్తిగా ఖర్చయిపోతుంది, ఈ విషం మాత్రం చాలా నెమ్మదిగా బయటికి పోతుంది. అందుకే మెట్టు మెట్టుకీ పెరుగుతుంది. సొరచేప ఏళ్ల తరబడి బతుకుతుంది కాబట్టి వయసుతో పాటు ఇంకా పోగవుతుంది.

అన్ని రసాయనాలూ ఇలా పెరగవు. ముడిచమురులో ఉండే విష రసాయనాలైన పీఏహెచ్‌లను చేపల కాలేయం చాలావరకు విచ్ఛిన్నం చేస్తుంది.

మీ చెల్లెలు సొరచేప, స్వోర్డ్‌ఫిష్ మానేస్తే మంచిది. మిథైల్ మెర్క్యురీ మావిని దాటి బిడ్డ మెదడుకు చేరుతుంది. అలాగని టెన్షన్ పడి చేపలన్నీ మాన్పించకండి. తక్కువ కాలం బతికే కవళ్లు, నెత్తళ్లలో పాదరసం తక్కువ, బిడ్డకు కావలసిన ఒమేగా-3 బాగా దొరుకుతుంది.