రేణిగుంటలో డ్రైవర్లు రాస్తున్న మేనకోడలికి

తిరుపతి

చి. బుజ్జికి,

మామ ఆశీస్సులు. లైనక్స్ కెర్నెల్ కోసం నువ్వు రాసి పంపిన రెండు డివైస్ డ్రైవర్లూ (హార్డ్‌వేర్‌ను నడిపించే కోడు) చదివాను. తూకం బోర్డు డ్రైవర్లో ప్రోబ్ (డివైస్ దొరకగానే నడిచే ఫంక్షన్) చివర, ఫెయిలైతే దూకే గోటూ లేబుళ్లు బారులు తీరి ఉన్నాయి. పాల టెస్టర్ యూఎస్‌బీ డ్రైవర్లో ఏమో కేబుల్ ఊడితే నడిచే డిస్‌కనెక్ట్ ఫంక్షన్ ఒక్క లైనుతో అయిపోయింది. "అన్నీ డెవ్‌ఎంతోనే తీసుకున్నాను కదా మామా, వదిలేసే పని కెర్నెలే చూసుకుంటుంది కదా" అని అడిగావు. చూసుకుంటుంది. ఎప్పుడు చూసుకుంటుందన్నదే అసలు గొడవ. ఫోన్లో చెబితే ఊఁ కొట్టి వదిలేస్తావని రాస్తున్నాను.

డెవ్‌ఎం, అంటే డ్రైవర్ తీసుకున్నవాటిని కెర్నెలే వదిలేసే ఏర్పాటు, ఎందుకొచ్చిందో ముందు తెలుసుకో. 2007లో తేజున్ హియో దీన్ని తెచ్చాడు, 2.6.21 కెర్నెల్‌తో అందరికీ అందింది. అప్పట్లో ఆయన లిబ్‌ఏటీఏ, అంటే డిస్క్ డ్రైవర్ల కోడు, సరిచేస్తున్నాడు. ఆ డ్రైవర్లలో ప్రోబ్ మధ్యలో ఫెయిలైతే తీసుకున్నవి వెనక్కిచ్చే దారుల్లో తప్పులు కనబడ్డాయి. ఉండవా మరి! ప్రోబ్ సక్సెస్ అయ్యే దారి రోజూ నడుస్తుంది. ఫెయిలయ్యే దారిని రాసినవాడు కూడా ఒక్కసారి నడిపి చూడడు. నీ తూకం డ్రైవర్లోనూ మూడో లేబుల్ దగ్గర దూకాల్సిన చోటికి కాక దాని కిందికి దూకావు, చూసుకో.

పనిచేసే తీరు తేలికే. ప్రతి డివైస్‌కీ కెర్నెల్ ఒక జాబితా పెట్టుకుంటుంది. నువ్వు డెవ్‌ఎం ఫంక్షన్ పిలిచినప్పుడల్లా తీసుకున్న వస్తువూ, దాన్ని వదిలే ఫంక్షనూ ఆ జాబితా చివర చేరతాయి. ప్రోబ్ ఎర్రర్‌తో తిరిగొచ్చినా, డ్రైవర్ డివైస్ నుంచి విడిపోయినా, జాబితాను చివరినుంచి మొదటికి విప్పుకుంటూ వస్తుంది. విడిపోయేటప్పుడు ముందు నీ రిమూవ్ ఫంక్షన్ నడుస్తుంది, అది పూర్తయ్యాకే జాబితా విప్పడం మొదలవుతుంది. ఈ వరస బుర్రలో ఉంటే మిగతాదంతా నువ్వే కనుక్కోగలవు.

ఇప్పుడు నీ తూకం డ్రైవర్ తీసుకుందాం. క్లాక్‌ను (చిప్‌ను నడిపించే టిక్ సిగ్నల్) డెవ్‌ఎంతో తెచ్చుకున్నావు, కానీ ఆన్ చేసింది మామూలు ఎనేబుల్‌తో. తర్వాత రిజిస్టర్లు మ్యాప్ చేశావు, ఇంటరప్ట్‌ను (హార్డ్‌వేర్ నుంచి వచ్చే పిలుపు) డెవ్‌ఎంతో అడిగావు. రిమూవ్‌లో క్లాక్ ఆఫ్ చేశావు. చూడ్డానికి పొందిగ్గానే ఉంది. డ్రైవర్ విడిపోయేటప్పుడు ఏమవుతుందో వరసగా చదువు: రిమూవ్ నడిచి క్లాక్ ఆగిపోయింది. ఇంటరప్ట్ మాత్రం ఇంకా నీ పేరు మీదే ఉంది, జాబితా ఇంకా విప్పలేదు కాబట్టి. సరిగ్గా అప్పుడే తూకం చిప్ నుంచి ఒక రీడింగ్ వచ్చింది. ఆ పిలుపు అందుకునే నీ హ్యాండ్లర్ లేచి, క్లాక్ లేని రిజిస్టర్‌ను చదవబోతుంది. చాలా చిప్‌లలో దాంతో చిప్‌లో డేటా నడిచే బస్సే నిలిచిపోతుంది, బోర్డు బిగుసుకుపోతుంది, లాగ్‌లో ముక్క ఉండదు. ఆ సందు చాలా చిన్నది కాబట్టి నీ టేబుల్ మీద ఎన్నిసార్లు చేసినా పట్టుబడకపోవచ్చు. ప్రోబ్ మధ్యలో ఫెయిలైనా ఇదే కథ, నీ గోటూలు ముందు నడుస్తాయి, జాబితా తర్వాత.

మందు ఉంది. తెచ్చి ఆన్ కూడా చేసే డెవ్‌ఎం_క్లాక్_గెట్_ఎనేబుల్డ్ వాడు. అలాంటి తయారు ఫంక్షన్ లేని వస్తువైతే డెవ్‌ఎం_యాడ్_యాక్షన్_ఆర్_రీసెట్ ఉంది. వదిలే పని నువ్వే ఒక చిన్న ఫంక్షన్‌గా రాసి దానికిస్తే జాబితాలో చేర్చుతుంది. చేర్చడం కుదరకపోతే అక్కడికక్కడే దాన్ని నడిపి ఎర్రర్ ఇస్తుంది. చివర ఆ "ఆర్ రీసెట్" లేనిదాన్ని వాడకు, మళ్లీ గోటూలే రాసుకోవాలి.

ఇక వరస. ఇంటరప్ట్‌ను ప్రోబ్‌లో వీలైనంత చివర అడుగు. హ్యాండ్లర్ ముట్టుకునేవన్నీ అప్పటికే సిద్ధంగా ఉండాలి. చివర తీసుకున్నది ముందు పోతుంది కాబట్టి విడిపోయేటప్పుడు మొదట ఇంటరప్టే తెగుతుంది, ఆ తెంచే ఫంక్షన్ వేరే కోర్ మీద నడుస్తున్న హ్యాండ్లర్ అయిపోయేదాకా ఆగుతుంది కూడా. నీ హ్యాండ్లర్ లెక్కలు చేయడానికి ఒక వర్క్ (కాస్త ఆగి నడిచే పని) షెడ్యూల్ చేస్తోంది కదా, ఆ వర్క్‌ను డెవ్‌ఎం_వర్క్_ఆటోక్యాన్సిల్‌తో ఇంటరప్ట్ కంటే ముందు పెట్టు. తిరగేస్తే ముందు వర్క్ రద్దవుతుంది, ఆ వెంటనే ఇంటరప్ట్ వచ్చి దాన్ని మళ్లీ షెడ్యూల్ చేస్తుంది. రద్దు చేసీ లాభం లేదు.

కొన్ని డెవ్‌ఎంతో, కొన్ని చేత్తో చేయక తప్పని చోట, ప్రోబ్‌లో పైనుంచి ఒక గీత వరకు డెవ్‌ఎం, ఆ గీత దాటాక అన్నీ చేత్తో. గీత దాటి మళ్లీ డెవ్‌ఎంకి వెళ్లొద్దు. నీ క్లాక్ గొడవ సరిగ్గా అక్కడ పుట్టిందే.

పాల టెస్టర్ సంగతి వేరే. అక్కడ నేను నిజంగా భయపడ్డాను పాపా.

చిత్తూరు వైపు పాల సెంటర్లో పొద్దున ఎలా ఉంటుందో నీకు తెలుసు. క్యాన్లతో జనం బారులో ఉంటారు, కంప్యూటర్లో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నీ డివైస్ ఫైలు తెరిచిపెట్టుకుని ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో కొవ్వు కాని ఘనపదార్థం) చదువుతూ ఉంటుంది. ఇంతలో ఎవరి కాలో తగిలి కేబుల్ ఊడుతుంది. నీ డిస్‌కనెక్ట్ నడుస్తుంది, డెవ్‌ఎం జాబితా విప్పేస్తుంది, నీ మెయిన్ స్ట్రక్చర్ ఉన్న మెమరీ పోతుంది. సాఫ్ట్‌వేర్ మాత్రం ఫైలు మూయలేదు. అది మళ్లీ రీడ్ అడిగితే నీ కోడు ఎవరికో ఇచ్చేసిన మెమరీలోకి వెళ్తుంది. లాడ్జి ఓనరు గది వేరేవాళ్లకిచ్చేశాడు, పాత మనిషి తాళంచెవి ఇంకా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. మిషన్ అక్కడే పడిపోతే అదృష్టమే అనుకో. పడిపోకుండా ఏదో ఒక అంకె ఇస్తే దాని మీద రైతుకు డబ్బు కడతారు.

డెవ్‌ఎం మెమరీ ఆయుష్షు డ్రైవర్ డివైస్‌కు అంటుకుని ఉన్నంతవరకే. ఫైలు తెరిచి ఉంచినవాడి ఆయుష్షుతో దానికి సంబంధం లేదు. అందుకే ప్రతి వస్తువుకూ ఒకటే ప్రశ్న వేసుకో: దీన్ని ఆఖరున ముట్టుకునేది ఎవరు? హార్డ్‌వేర్ అయితే డెవ్‌ఎం. ఫైలు తెరిచినవాడైతే డెవ్‌ఎం కాదు.

దీనికి దారి కెర్నెల్లోనే ఉంది. డ్రైవర్స్ ఫోల్డర్లో, యూఎస్‌బీ కింద, యూఎస్‌బీ-స్కెలిటన్ అనే నమూనా డ్రైవర్ చూడు. స్ట్రక్చర్‌కు మెమరీని మామూలు కేజెడ్‌అలాక్‌తో తీసుకుని అందులో కేరెఫ్, అంటే ఎంతమంది వాడుతున్నారో చెప్పే లెక్క, పెడతారు. ఓపెన్‌లో లెక్క ఒకటి పెరుగుతుంది, ఫైలు మూసినప్పుడు తగ్గుతుంది, డిస్‌కనెక్ట్‌లోనూ తగ్గుతుంది. ఎవరు ఆఖరున వదిలితే వాళ్ల చేతుల మీదుగా మెమరీ ఫ్రీ అవుతుంది. డిస్‌కనెక్ట్‌లో మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్కరికే దొరికే తాళం) పట్టుకుని "ఊడిపోయింది" అని గుర్తు పెడతారు, రీడ్ అదే మ్యూటెక్స్ కింద ఆ గుర్తు చూసి ఈనోడెవ్ (డివైస్ లేదు) అనే ఎర్రర్ ఇస్తుంది. గుర్తు చూసి మ్యూటెక్స్ వదిలేసి ఆ తర్వాత హార్డ్‌వేర్ ముట్టుకుంటే చూసినట్టే కాదు. డేటా కోసం నిద్రపోతున్న రీడర్ ఉంటే వాడినీ లేపు.

నీ ఓపెన్‌లోనే ఇంకొకటి చూశాను. బఫర్‌ను డెవ్‌ఎం_కేజెడ్‌అలాక్‌తో తీసుకున్నావు. ఫైలు మూసినా ఆ బఫర్ పోదు, కేబుల్ ఊడేదాకా జాబితాలోనే ఉంటుంది. పూటకోసారి సాఫ్ట్‌వేర్ తెరిచి మూసే సెంటర్లో, నెలల తరబడి ఆపని మిషన్లో అవన్నీ పేరుకుంటూ పోతాయి. లీక్ వెతికే టూల్ కూడా పట్టుకోదు, జాబితా దాన్ని ఇంకా పట్టుకునే ఉంది కాబట్టి. డెవ్‌ఎం ప్రోబ్‌కు మాత్రమే పనికొస్తుందనుకో, చాలావరకు సరిపోతుంది.

ఒక ఫంక్షన్ లోపలే పుట్టి పోయే వస్తువులకు 2023లో 6.5 కెర్నెల్‌తో క్లీనప్ డాట్ హెచ్ వచ్చింది. గార్డ్ అని రాస్తే లాక్ పట్టుకుంటుంది, ఆ బ్లాకు దాటగానే కంపైలరే వదిలిస్తుంది. ఒకే ఫంక్షన్లో దీన్నీ గోటూనీ కలపకు. వేరియబుల్‌ను పైన నల్‌గా పెట్టి కింద నింపే పాత అలవాటూ వద్దు, వదిలే వరస డిక్లేర్ చేసిన వరసను బట్టి ఉంటుంది. నెట్‌వర్కింగ్ వాళ్లు దీని వాడకాన్ని అంతగా ప్రోత్సహించరు. నాకైతే చిన్న ఫంక్షన్లలో హాయిగానే ఉంది.

టెస్టింగ్ విషయంలో మొహమాటపడకు. వదిలేసిన మెమరీని ముట్టుకుంటే పట్టించే కేఏసాన్ పెట్టి కెర్నెల్ బిల్డ్ చెయ్యి. కాన్ఫిగ్‌లో డీబగ్_టెస్ట్_డ్రైవర్_రిమూవ్ ఆన్ చేస్తే ప్రతి డ్రైవర్నీ ప్రోబ్ చేసి, విడదీసి, మళ్లీ ప్రోబ్ చేస్తుంది. తూకం బోర్డు మీద బరువు మారుస్తూ ఉండగానే సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నెల్ తన సంగతులు ఫైళ్లుగా చూపే చోటు) డ్రైవర్‌ను విడదీసే అన్‌బైండ్, కలిపే బైండ్ లూపులో నడుపు. టెస్టర్‌కు ఒక ప్రోగ్రామ్‌తో ఆపకుండా రీడ్ చేయిస్తూ కేబుల్ లాగు, పెట్టు, లాగు. ప్రోబ్‌లో ఒక్కో మెట్టు దగ్గర కావాలనే ఎర్రర్ రిటర్న్ చేసి చూడు, విసుగే కానీ నీ మూడో లేబుల్ అప్పుడే దొరికి ఉండేది.

ఇవన్నీ రేపు సాయంత్రానికల్లా చేసేయమని మీ లీడ్ టెన్షన్ పెడితే, ముందు టెస్టర్ కేరెఫ్ పని ముగించు, తూకం తర్వాత. ఆదివారం అమ్మను చూడ్డానికి వచ్చేటప్పుడు ఆ బోర్డు, ఒక పాత కేబుల్ తీసుకురా. కొత్త కేబుల్ తేవద్దు, కనెక్టర్ వదులుగా ఉన్నదైతేనే మన పనికి బాగుంటుంది.

మీ మామ