లైనక్స్‌లో ఆర్‌ఎమ్‌ఈ మల్టీఫేస్ (బయట బాక్సుతో వచ్చే సౌండ్ కార్డు) కనిపిస్తోంది, కానీ శబ్దం రావట్లేదు. ఎందుకు?

కంప్యూటర్‌లోని కార్డుల జాబితా చూపే ఎల్‌ఎస్‌పీసీఐ (lspci) కమాండ్‌లో కార్డు కనిపిస్తూ, డ్రైవర్ కూడా లోడ్ అయ్యి, బాక్స్ మీద ఎర్ర లైటు మాత్రం ఆరట్లేదంటే ముందుగా అనుమానించాల్సింది ఫర్మ్‌వేర్‌ని, అంటే బాక్సును లోపలి నుంచి నడిపే సాఫ్ట్‌వేర్‌ని. మల్టీఫేస్, డిజీఫేస్ బాక్సులు ఫర్మ్‌వేర్‌ను తమలో దాచుకోవు. కరెంటు తీస్తే అదీ పోతుంది, ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటరే మళ్లీ పంపాలి.

కెర్నెల్ సందేశాలు చూపే డీమెసేజ్ (dmesg) కమాండ్ ఇచ్చి చూడండి. మల్టీఫేస్ ఫర్మ్‌వేర్ ఫైలు పేరు పక్కన 'ఎర్రర్ మైనస్ 2' అని ఉంటే, ఆ ఫైలు మీ డిస్కులో లేదని అర్థం. చాలామంది ఇక్కడ డ్రైవర్‌ను తీసేసి మళ్లీ ఎక్కిస్తూ రోజంతా పోగొట్టుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. కావాల్సింది అల్సా (లైనక్స్ సౌండ్ వ్యవస్థ) వాళ్ల అల్సా-ఫర్మ్‌వేర్ (alsa-firmware) ప్యాకేజీ. మీ డిస్ట్రిబ్యూషన్‌లో అది లేకపోతే అల్సా ప్రాజెక్టు సైటులో దొరుకుతుంది. కార్డు రివిజన్‌ను బట్టి ఫైలు మారుతుంది కాబట్టి ఒక్కటే కాపీ చేయకుండా మొత్తం ప్యాకేజీ పెట్టుకోవడం మేలు. తర్వాత అల్సా-టూల్స్ (alsa-tools) ప్యాకేజీలోని, ఫర్మ్‌వేర్‌ను బాక్సుకు పంపే హెచ్‌డీఎస్‌పీలోడర్ (hdsploader) నడపండి, లేదా బాక్స్ ఆన్‌లో ఉంచి మెషీన్ రీబూట్ చేయండి.

ఎర్ర లైటు ఆరినా నిశ్శబ్దమేనా? టెన్షన్ పడకండి. ఈ కార్డు మిక్సర్‌లో దారులన్నీ మొదట్లో పూర్తిగా మూసే ఉంటాయి. అల్సా-టూల్స్‌లోనే ఉండే హెచ్‌డీఎస్‌పీమిక్సర్ (hdspmixer) తెరిచి ప్లేబ్యాక్ వరుసలోని ఫేడర్లను (శబ్దం స్థాయి మార్చే స్లైడర్లను) మీరు వాడే అవుట్‌పుట్‌కు పైకి లేపండి. స్పీకర్ల వాల్యూమ్ ముందే తగ్గించి పెట్టుకోండి, లేకపోతే ఒక్కసారిగా గట్టిగా మోగుతుంది.