ఎక్స్-రే టెలిస్కోపును కొండ మీద పెడితే పోదా, అంతరిక్షంలోకి ఎందుకు?

రాకెట్ ఖర్చు లేకుండా ఏదైనా ఎత్తైన కొండ మీద పెట్టుకోవచ్చు కదా అని అడిగారు. లదాఖ్‌లోని హాన్లే అంత ఎత్తుకు, అంటే 4,500 మీటర్లకు ఎక్కించినా లాభం లేదు. నక్షత్రాల నుంచి వచ్చే ఎక్స్ కిరణాలను దారిలోనే గాలి మింగేస్తుంది. మింగబట్టే మనం బతికున్నాం, అది వేరే సంగతి.

అయితే రాకెట్ తప్ప దారి లేదన్నట్టు రాస్తారు చూడండి, అక్కడే నాకు ఒళ్లు మండుతుంది. మధ్యలో బెలూన్ ఉంది! హైదరాబాద్‌లో ఈసీఐఎల్ అనే ప్రాంతం దగ్గర టీఐఎఫ్ఆర్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్) వాళ్ల బెలూన్ కేంద్రం ఉంది. పల్చటి పాలిథిన్ బెలూన్‌లో హైడ్రోజన్ నింపి, పరికరాన్ని 40 కిలోమీటర్ల దాకా పంపుతారు. శక్తి ఎక్కువున్న ఎక్స్ కిరణాలు అంత ఎత్తులో దొరుకుతాయి. కొన్ని గంటలు చూశాక పరికరం పారాచూట్‌తో ఎక్కడో దిగుతుంది.

ఆ ఎక్కడో ఒకసారి మా పెద్దనాయన కంది చేనైంది. మాది తాండూరు వైపు. చలికాలం, పొద్దున్నే ఊరంతా చేను గట్టు మీదే. అల్యూమినియం చట్రం, చుట్టూ థర్మకోల్, కంది మోళ్ల మీద పరుచుకున్న పారాచూట్ గుడ్డ. "ముట్టకుర్రి, బాంబేమో" అని ఒకరు, "అరే, దాని మీద తెలుగుల రాసుంది చూడు" అని ఇంకొకరు. తెరవొద్దు, ఫలానా చోటికి కబురు చేయండి అని నిజంగానే రాసుంది. సాయంత్రానికి జీపులో వాళ్లొచ్చి, పెద్దనాయన చేతిలో కొంత డబ్బు పెట్టి పట్టుకుపోయారు. ఈలోపు ఒక టీవీ చానెల్ "గ్రహాంతర శకలం" అని నడిపేసింది. చదువుకున్నవాళ్లే!

2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి మన అంతరిక్ష టెలిస్కోపు ఆస్ట్రోశాట్ ఎగిరినప్పుడూ ఇదే తంతు. "భారత హబుల్" అన్నారు. అమెరికా వాళ్ల అంతరిక్ష టెలిస్కోపు హబుల్ ఎక్స్ కిరణాలను చూడనే చూడదు. ఆస్ట్రోశాట్‌లో ఎక్స్ కిరణాలను పట్టే పెద్ద జెనాన్ గ్యాస్ డిటెక్టర్లు చేసింది టీఐఎఫ్ఆరే. అలాంటి డిటెక్టర్లను అంతకుముందు హైదరాబాద్ బెలూన్లలో పంపి, సిగ్నస్ ఎక్స్-1 అనే కృష్ణబిలం లాంటివాటిని చూసినవాళ్లూ వాళ్లే. నన్నడిగితే ఆస్ట్రోశాట్ సగం ఈసీఐఎల్‌లో పుట్టిందంటాను.

అంతరిక్షం అవసరమే, కాదనను. తక్కువ శక్తి కిరణాలు బెలూన్ దాకా కూడా రావు, పైగా బెలూన్ గంటల్లో దిగిపోతుంది. ఐదేళ్ల కోసం చేసిన ఆస్ట్రోశాట్ పదేళ్లు దాటినా పనిచేసింది. కానీ పిల్లల పుస్తకంలో రాకెట్ బొమ్మ వేసేవాళ్లు పక్కన ఒక బెలూన్ బొమ్మ వేస్తే ఏం పోయింది?